ఇంట్లకు కంప్యూటర్ తెచ్చే ముందు

బిడ్డా,

కంప్యూటర్‌ను నడిపే విండోస్, మ్యాక్, లినక్స్‌లల్ల దేనికి వైరస్ తక్కువొస్తదో చెప్పు మామా అని అడిగినవు. నల్లగొండల కంప్యూటర్లు బాగు చేసుకుంట చూసిందే రాస్తున్న.

వైరస్‌లు ఎక్కువ వచ్చేది విండోస్‌కే. ఎక్కువ ఇండ్లల్ల, ఆఫీసులల్ల ఉండేది అదే గనుక దొంగల కన్ను దాని మీదనే ఉంటది. గట్లని విండోస్‌లన్నీ ఒక్కటి గావు. 2017 మే నెలల వానాక్రై అనే వైరస్ వచ్చి ఫైళ్లకు తాళమేసి పైసలడిగింది. అది దూరిన సందును మైక్రోసాఫ్ట్ మార్చిలనే మూసింది. అప్‌డేట్ చేసుకోనోళ్లే మునిగిండ్రు, అందుల ఎక్కువ విండోస్ 7 వాళ్లే. ఆ 7కు 2020 జనవరిల, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్టు, అంటే గిట్ల సందులు మూసే అప్‌డేట్లు, అయిపోయింది. సెకండ్ హ్యాండ్‌ది కొనాల్నంటే విండోస్ 11 ఎక్కుతదో లేదో చూసినంకనే పైసలియ్యి. ఇంటెల్ ప్రాసెసర్‌దైతే ఎనిమిదో జనరేషన్‌కు తక్కువది వద్దు.

అసలు భయపడాల్సింది క్రాక్‌కు, అంటే పైసలు కట్టకుంట సాఫ్ట్‌వేర్ నడిపిచ్చే దొంగ తాళంచెవికి. షాపుల "విండోస్, ఆఫీస్ ఫ్రీగ ఏసిస్తం" అంటరు. ఆ క్రాక్ ఎక్కాల్నంటే చానాసార్లు ముందుగాల యాంటీవైరస్ బంద్ పెట్టాలె. కావలోణ్ని పంపించి తలుపు తీసినట్టే గదా! ఆ తర్వాత లోపటికి ఏమొచ్చిందో నీకు తెల్వది, ఏసినోనికీ తెల్వది. పైసలు పోయినా సరే, అసలు విండోస్ ఉన్నదే తీసుకో. దాంట్ల డిఫెండర్ అనే యాంటీవైరస్ ఉచితంగనే ఉంటది, ఇంటికి అది సాలు.

మ్యాక్‌కు వైరస్ రాదనేది వట్టి మాట. 2012ల ఫ్లాష్‌బ్యాక్ అనే వైరస్ జావా అనే సాఫ్ట్‌వేర్ సందుల నుంచి ఆరు లక్షలకు పైగ మ్యాక్‌లల్ల జొర్రింది. లినక్స్‌ల తక్కువే, సాఫ్ట్‌వేర్ దాని సొంత స్టోర్ల నుంచే వస్తది, పాస్‌వర్డ్ కొట్టంది సిస్టమ్‌ల ఏదీ మారది. కానీ 2016ల మిరాయ్ అనే వైరస్ పట్టుకున్న కెమెరాలు, రౌటర్లు నడిచేది లినక్స్ మీదనే. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చకపోవుడే వాటి కొంప ముంచింది. మీ వైఫై డబ్బాది ఇయ్యాల్నే మార్చు.

నీ సదువు వరకే అయితే ఉబుంటు అనే లినక్స్ ఏసుకోమందును. కానీ బావ రైస్ మిల్లు లెక్కలు ట్యాలీల ఉన్నయి, అది విండోస్ మీదనే సక్కగ నడుస్తది. మీకు విండోస్ 11 మంచిది.

హాల్ టికెట్ ప్రింటుకు మిర్యాలగూడల జిరాక్స్ షాపుకు పోతే పెన్‌డ్రైవ్ ఇయ్యకు, పీడీఎఫ్ వాట్సాప్‌ల పంపు. ఒకయాళ ఇచ్చినవనుకో, ఇంటికొచ్చినంక పెన్‌డ్రైవ్‌ల ఫోల్డర్లు పోయి షార్ట్‌కట్‌లు కనిపిస్తే ఒక్కటి గూడ నొక్కకు, నొక్కితేనే వైరస్ లేస్తది. ఫైళ్లు చానావరకు యాడికీ పోవు, దాచిపెట్టి ఉంటయి. నా దగ్గరికి తీస్కరా.

తమ్మునికి వేరే అకౌంట్ పెట్టు, అన్నీ మార్చే హక్కుండే అడ్మిన్‌ది వద్దు. ట్యాలీ లెక్కలు వారానికోసారి బయటి హార్డ్ డిస్క్‌ల కాపీ చేసి, వైరు పీకి పెట్టు. తగిలిచ్చే ఉంచితే తాళమేసే వైరస్ దాన్ని గూడ పట్టుకుంటది. బ్యాంకు పైసలు పోయినట్టు అనిపిస్తే నాకంటే ముందు సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ చెయ్యి.

మీ మామ