మ్యాప్‌లో ముందు నదిని చూడండి: గ్రావెల్ సైకిలింగ్‌పై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రోడ్డు సైకిల్ మీద 100 కి.మీ. ఇబ్బంది లేకుండా తొక్కుతాను. ఈమధ్యే గ్రావెల్ బైక్ (కంకర, మట్టిదారుల కోసం చేసిన వెడల్పు టైర్ల సైకిల్) కొన్నాను. మిట్టపల్లాల మట్టిరోడ్ల మీద 60 కి.మీ. రూటు వేసుకుంటే 45 దాటేసరికి కాళ్లలో సత్తువ లేదు. ఆ దారిలో పెద్ద కొండ ఒక్కటీ లేదు. ఎక్కడ తేడా వస్తోంది?

జవాబు: మీ కాళ్లలో లోపమేమీ లేదండీ. పెద్ద కొండ లేదు కాబట్టి సులువనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది. 400 మీటర్ల కొండ ఒకటి ఎక్కారనుకోండి, ఒక లయ దొరుకుతుంది, గేరు కుదురుతుంది, ఊపిరి కుదురుతుంది, పైకెళ్లాక చాలాసేపు దిగుడు ఉంటుంది కాబట్టి కాళ్లకు నిజమైన విశ్రాంతి దొరుకుతుంది. అదే 400 మీటర్లను 20 మీటర్ల చొప్పున ఇరవై మిట్టలుగా విడగొడితే ఎక్కిన ప్రతిసారీ కొత్తగా బలం పెట్టాలి, దిగుడేమో ఊపిరి తీసుకునేలోపే అయిపోతుంది. తారు రోడ్డు మీదైతే దిగిన వేగంతోనే పక్క మిట్ట సగం ఎక్కేస్తాం. కంకర మీద అది కుదరదు, పల్లం అడుగున మలుపో ఇసుక మేటో ఉంటుంది, అక్కడ బ్రేకు వేయక తప్పదు, వచ్చిన వేగమంతా అక్కడే పోతుంది. పైగా వదులు నేల మీద చక్రం కొంచెం కుంగుతుంది, రాళ్ల మీద ఎగిరెగిరి పడుతుంది. ఈ రెండింటికీ ఖర్చయ్యేది మీ శక్తే.

అమెరికాలోని కాన్సాస్‌లో ఫ్లింట్ హిల్స్ అనే గడ్డి మిట్టల ప్రాంతం ఉంది. 2006లో మొదలై ఇప్పుడు అన్‌బౌండ్ గ్రావెల్ పేరుతో జరిగే పోటీ అక్కడిదే, ప్రధాన రూటు సుమారు 320 కి.మీ. ఆ చుట్టుపక్కల పర్వతమన్నదే లేదు. అయినా ఆ చిన్న మిట్టలన్నీ కలిపితే మొత్తం ఎక్కుడు దాదాపు 3,000 మీటర్లు అవుతుంది.

అందుకే రూటు వేసేటప్పుడు కిలోమీటర్లు ఒక్కటే చూడకండి. మొత్తం ఎక్కుడును మొత్తం దూరంతో భాగించండి. కిలోమీటరుకు 5 మీటర్లలోపు వస్తే తేలిక, 10 మీటర్లు వస్తే గట్టి మిట్టల దారి, 15 దాటితే రోజంతా పని అనుకోండి. ఆ తర్వాత తప్పకుండా చేయాల్సింది ఇంకోటి ఉంది: మ్యాప్‌లో నది ఎటు పారుతోందో, వాగులు ఎటు నుంచి వచ్చి అందులో కలుస్తున్నాయో చూడండి. దారి నదికి సమాంతరంగా సాగితే వాలు మెల్లగా ఉంటుంది. వాగులను అడ్డంగా దాటుకుంటూ పోతే ప్రతి వాగు దగ్గరా ఒక దిగుడు, ఒక ఎక్కుడు తప్పవు. యాప్‌లో ఎత్తుల గ్రాఫు ఈ చిన్నచిన్న మిట్టపల్లాలను చాలాసార్లు నునుపు చేసి చూపిస్తుంది, వాగుల సంఖ్య మాత్రం అబద్ధం చెప్పదు. నా మటుకు నేను గ్రాఫు కంటే మ్యాప్‌లో వాగులను చూపే నీలిగీతలనే ఎక్కువ నమ్ముతాను.

ప్రశ్న: నది వెంట వెళ్లే దారి అంటే చదునుగా ఉంటుందనుకోవచ్చా? నాకు, మా అమ్మాయికి మొదటి దూర ప్రయాణం ఇది. ఎగువకు ముందు వెళ్లాలా, దిగువకు ముందు వెళ్లాలా?

జవాబు: పాత రైలుమార్గం మీద వేసిన దారో, కాలువగట్టు దారో అయితే నిశ్చింతగా వెళ్లండమ్మా, మొదటి ప్రయాణానికి అంతకంటే మంచివి లేవు. రైలింజన్లు నిటారు వాలు ఎక్కలేవు కాబట్టి ఆ దారుల్లో వాలు సాధారణంగా 2 శాతం లోపే ఉంటుంది. అమెరికాలో కంబర్లాండ్ నుంచి పిట్స్‌బర్గ్ దాకా వెళ్లే గ్రేట్ అలెగెనీ పాసేజ్ దీనికి చక్కటి ఉదాహరణ. మొత్తం 240 కి.మీ., ఎక్కువ భాగం పొడి చేసిన సున్నపురాయి పరిచిన దారి. కంబర్లాండ్ వైపు నుంచి శిఖరానికి సుమారు 38 కి.మీ.లో 540 మీటర్లు ఎక్కాలి. పిట్స్‌బర్గ్ వైపు నుంచి వస్తే దాదాపు అంతే ఎత్తు 200 కి.మీ. పొడవునా పరుచుకుని ఉంటుంది, నదుల వెంట వస్తారు కాబట్టి ఎక్కుతున్నట్టే తెలియదు. శిఖరం ఒకటే, ఎటు నుంచి ఎక్కుతున్నారన్నదే మీ రోజును నిర్ణయిస్తుంది.

మామూలు మట్టిరోడ్డైతే కాస్త జాగ్రత్త. లోయ ఇరుకైన చోట నది పక్కన రోడ్డుకు జాగా ఉండదు, అది గట్టు మీదికి ఎక్కి మళ్లీ కిందికి దిగుతుంది. అలాంటి చోటు ఒక్కటున్నా మ్యాప్‌లో ముందే గుర్తు పెట్టుకోండి.

వెళ్లిన దారినే తిరిగి వచ్చేటట్టయితే ఎగువకు ముందు వెళ్లండి, అలసిన కాళ్లకు తిరుగుదారి దిగుడవుతుంది. కానీ లోతైన లోయల్లో గాలి సంగతి మరిచిపోకూడదు. ఎండ కాసే రోజుల్లో వాలులు వేడెక్కి గాలి పగటిపూట లోయ ఎగువకు వీస్తుంది, రాత్రి చల్లబడ్డాక దిగువకు తిరుగుతుంది. అంటే పొద్దున పదింటికి ఎగువకు వెళ్తుంటే మీ వెనకే తోస్తున్న గాలి, మధ్యాహ్నం మూడింటికి దిగువకు వస్తుంటే ఎదురుగాలి అవుతుంది, దిగుడులో కూడా పెడల్ ఆపలేని పరిస్థితి వస్తుంది. కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరి, ఎండ ముదిరేలోపు తిరుగుముఖం పట్టండి. లోయ అడుగున చల్లగాలి పేరుకుని పొద్దున్నే పొగమంచు పట్టే అవకాశం ఎక్కువ, ముందూ వెనకా లైట్లు తప్పనిసరి. అమ్మాయి సైకిల్‌కు కూడా.

ప్రశ్న: టైర్లు ఎంత వెడల్పు, గాలి ఎంత? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: నదిలోయ, మిట్టలు కలిసిన రూటుకు 40 నుంచి 45 మి.మీ. టైర్లు, ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబ్ లేనివి), లోపల తాజా సీలెంట్ (చిన్న రంధ్రాలను పూడ్చే ద్రవం). దాదాపు 75 కిలోల మనిషి 40 మి.మీ. టైరులో 30-35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టి, వెనక చక్రానికి రెండు మూడు ఎక్కువ పెట్టుకుంటే చాలు, అక్కడి నుంచి కొంచెం కొంచెం తగ్గిస్తూ మీకు నచ్చింది చూసుకోండి. రిమ్ము రాయికి తగులుతున్న చప్పుడు వస్తే మరీ తగ్గించారని అర్థం. రాళ్లు పదునుగా ఉన్న నేల మీద సన్నటి, తేలికపాటి టైరు వద్దు. ఫ్లింట్ హిల్స్‌కు ఆ పేరు తెచ్చిన చెకుముకి రాయే అక్కడ టైర్లను కోసేది. పంక్చర్ ప్లగ్గులు (రంధ్రంలో దూర్చే రబ్బరు ముక్కలు), ఒక ట్యూబ్, పంపు, ఈ మూడూ లేకుండా ఇల్లు కదలకండి.

గేర్ల గురించి అడగలేదు కానీ చెప్తాను, ఎందుకంటే టైర్ల కంటే అదే ఎక్కువమందిని దెబ్బతీస్తోంది. ముందు చెయిన్‌రింగ్ (పెడళ్ల దగ్గరి పళ్లచక్రం) పళ్ల కంటే వెనక అతి పెద్ద పళ్లచక్రం పళ్లు ఎక్కువ ఉండాలి, ముందు 40 ఉంటే వెనక 42 లేదా 44. వదులు కంకర ఎక్కుడులో లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం మీద బరువు తగ్గి అది జారుతుంది. సీటు మీద కూర్చునే ఎక్కాలి, కూర్చుని ఎక్కాలంటే అంత తేలిక గేరు ఉండాల్సిందే.

ప్రశ్న: దిగేటప్పుడు భయం. రోడ్డు రేకుల షీటులా అలలు అలలుగా ఉన్నచోట హ్యాండిల్ చేతిలోంచి జారిపోతున్నట్టు ఉంటుంది.

జవాబు: ఆ అలలు బండ్ల చక్రాలు పొడి నేలను తోసుకుంటూ పోవడం వల్ల వస్తాయి. బ్రేకు వేసే చోట్లా, ఎక్కుడుల మీదా ఎక్కువ కనిపిస్తాయి. రోడ్డు అంచునో, నడిమధ్యనో కాస్త నునుపు జాగా దొరుకుతుంది, ఎదురుగా బండి రావడం లేదని చూసుకుని అటు జరగండి. దిగుతున్నప్పుడు చేతులు హ్యాండిల్ కింది వంపు మీద పెట్టుకోండి, పట్టు ఉండాలి కానీ మోచేతులు బిగుసుకోకూడదు, పెడళ్లు సమంగా ఉంచి సీటు మీంచి కొంచెం లేవండి. బ్రేకు పని అంతా మలుపుకు ముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే ముగించాలి. బండ్లు వెళ్లి వెళ్లి గట్టిపడ్డ చక్రాల జాడలోనే మలుపు తిరగండి, వదులు కంకర అంతా మలుపు బయటి అంచున పోగవుతుంది. ఇవి చిన్న వాలు మీద పదేపదే చేస్తే భయం దానంతటదే తగ్గుతుంది.

ప్రశ్న: వాన పడ్డాక ఎంత ఆగి వెళ్లాలి? మా రూటులో రెండు చప్టాలు కూడా ఉన్నాయి.

జవాబు: అది నేలను బట్టి ఉంటుంది. మిట్టల మీద రాతి కంకర అయితే వాన వెలిసిన కాసేపటికే బాగుంటుంది, కొన్నిసార్లు పొడిగా ఉన్నప్పటికంటే మంచి పట్టు దొరుకుతుంది. నది పక్కన ఒండ్రు, రేగడి నేలలకు మాత్రం పూర్తిగా ఆరేదాకా సమయం ఇవ్వాలి. ఆ బురద టైరుకు చుట్టుకుని ఫ్రేములో ఇరుక్కుంటుంది, చక్రం తిరగదు, బలవంతంగా తొక్కితే వెనక డెరేలియర్ (గేర్లు మార్చే భాగం) విరిగిపోతుంది. 2023 అన్‌బౌండ్‌లో మొదట్లోనే ఇలాంటి బురద తగిలి ఎంతోమంది సైకిళ్లు మోసుకుంటూ నడిచారు. చక్రం బిగిసిందంటే దిగి, గడ్డి ఉన్న అంచు మీద నడిపించండి, పుల్లతో బురద గీకాకే మళ్లీ ఎక్కండి. మీ తడి జాడలు ఎండాక గాడులై నెలల తరబడి ఉంటాయి, ఆ దారిలో తిరిగే రైతుల ఇబ్బంది కూడా ఆలోచించండి.

చప్టాల సంగతి: నీళ్లు పారుతున్నప్పుడు అడుగు కనిపించకపోతే దిగొద్దు, లోతు తక్కువనిపించినా సరే. నాచు పట్టిన కాంక్రీటు మీద టైరు నిలవదు, అడుగున ఏ ముక్క కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు. మీ దగ్గర వాన లేకపోయినా ఎగువన పడితే నీళ్లు గంటల తర్వాత వస్తాయి, కాబట్టి ఎగువ ప్రాంతపు వాన కబురు కూడా పొద్దున్నే చూసుకోండి. ఇంట్లోనే మ్యాప్ ముందు కూర్చుని రెండు చప్టాలకూ దగ్గర్లో ఎత్తైన వంతెన ఎక్కడుందో, అటు తిరిగితే ఎన్ని కిలోమీటర్లు పెరుగుతాయో రాసుకోండి, ఆ అదనపు దూరానికి సరిపడా నీళ్లు, తినడానికి ఏదో ఒకటి, వెలుతురు ఉన్నాయో లేదో లెక్క వేసుకోండి. లేవంటే ఆ రోజుకు మిట్టల మీది దారి ఎంచుకోండి.