ప్లగ్ తీసేసినా షాక్ కొడుతుంది

ప్రశ్న: మా తాతగారి సామానులో క్లావియోలిన్ అనే పాత ఎలక్ట్రానిక్ కీబోర్డు వాద్యం దొరికింది. ప్లగ్ పెడితే గుయ్‌మని మోత. కాసేపటికి స్వరం వస్తోంది గానీ, రెండు మెట్లు కలిపి నొక్కితే ఒకటే పలుకుతోంది. వెనక మూత విప్పి శుభ్రం చేయనా?

జవాబు: విప్పకండి. మళ్లీ ప్లగ్ కూడా పెట్టకండి. దీనిలాగే వాల్వులతో (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టాలు) నడిచే పాత రేడియోల గురించీ ఇదే ప్రశ్న వస్తూనే ఉంటుంది. అందరూ ముందు కరెంటు ఇచ్చి, మోత విని, ఆ తరువాతే ఉత్తరం రాస్తారు.

ఒకటే పలకడం లోపం కాదు. 1947లో ఫ్రాన్సులో కాన్‌స్టంట్ మార్టిన్ తయారుచేసిన ఈ వాద్యం తీరే అంత. ఏ మెట్టు నొక్కితే ఆ శ్రుతికి ఆసిలేటర్ (స్వరాన్ని పుట్టించే సర్క్యూట్) మారుతుంది, రెండో స్వరానికి చోటు లేదు. దాని ముతక ధ్వనిని ఫిల్టర్లతో కోసి రకరకాల వాద్యాల గొంతులు తెప్పిస్తారు. 1954 నాటి హిందీ చిత్రం ‘నాగిన్’లో పాములవాడి నాగస్వరంగా వినిపించింది కల్యాణ్‌జీ వాయించిన క్లావియోలినే! ఎన్ని మెట్లు నొక్కితే అన్నీ పలకాలంటే ఎంత సరంజామా కావాలో 1939 నాటి నోవాకార్డ్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం చూపించింది. 72 మెట్లకు 163 వాల్వులు. పై స్థాయిలోని 12 స్వరాలకు 12 ఆసిలేటర్లు పెట్టి, కింది స్థాయిలకు ఆ ఫ్రీక్వెన్సీనే సగం, మళ్లీ సగం చేస్తూ పోయారు.

నా భయమంతా ఆ మోత గురించే. వాల్వులకు వందల వోల్టుల డీసీ కావాలి. దాన్ని చదును చేసే పెద్ద కండెన్సర్లు (ఛార్జిని దాచుకునే భాగాలు) ఇన్ని దశాబ్దాల్లో ఎండిపోయి ఉంటాయి, గుయ్‌మనేది అందుకే. వాటిలో సత్తువ ఏ కాస్త మిగిలి ఉన్నా, ప్లగ్ తీశాక కూడా ఆ వోల్టేజీని పట్టి ఉంచుతాయి. తెలిసిన మెకానిక్ ఒక చేతిని వెనక్కి పెట్టుకుని, రెసిస్టర్ ద్వారా ఛార్జి దించి, మీటరుతో చూసుకున్నాకే లోపల చేయి పెడతాడు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే వీరులను నమ్మకండి. వాల్వుల మధ్య ఉండే మైనపు కాగితం కండెన్సర్లు లీకైతే ఔట్‌పుట్ వాల్వు ఎర్రగా కాగి, ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా తగలబెడుతుంది. కండెన్సర్లు బజారులో దొరుకుతాయి, ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకదు. వెనక పలక మీద 110 వోల్టులని రాసి ఉందేమో కూడా చూడండి. మన 230 దానికి విషం.

అయినా ఇది మరమ్మతుకు లొంగే వస్తువు. ఈనాటి చవక కీబోర్డుల్లో కొన్నిటిని గమ్ముతో మూసేస్తున్నారు. అప్‌డేట్ చేస్తే తప్ప పలకనివీ ఉన్నాయి. తోడుగా వచ్చే యాప్‌లు కొన్ని ఫోన్‌లోని నంబర్లన్నీ అడుగుతాయి. హార్మోనియం ధ్వనికి మా మేనమామ నంబరు ఎందుకయ్యా? అనుమతి ఇవ్వకండి. ఇవ్వకపోతే తెరుచుకోని యాప్‌ను తీసేయండి.