స్విఫ్ట్ అమ్మే ముందు, కిరణ్‌కు

చిరంజీవి కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

కారు అమ్మేస్తున్నావని మొన్న అక్క ఫోన్‌లో చెప్పింది. పాత కార్లు కొని అమ్మే కన్సల్టెన్సీ అతను చెప్పిన రేటు విని దిగులు పడ్డావట. అలాయ్ వీల్స్, పెద్ద స్క్రీన్ వేయించి, గీతలున్న చోట పెయింట్ కొట్టించి అమ్మితే ఎక్కువ వస్తుందా అని అడిగావట. ఒక్క రూపాయి కూడా వాటి మీద పెట్టకు నాయనా. ఆ బండి 2018లో షోరూమ్ నుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ అలాగే ఉంది. నీకు ధర తెచ్చిపెట్టేది అదే.

పాత కారు కొనేవాడికి డబ్బు గురించి ఉన్న బెంగ కన్నా బండి గురించి ఉన్న అనుమానం ఎక్కువ. ఎవరు నడిపారో, ఎక్కడ గుద్దారో, లోపల ఏం కెలికారో అని చూస్తాడు. మనం ముచ్చటపడి తగిలించిన ప్రతి వస్తువూ అతనికి ఒక ప్రశ్న. నా పాత కారుకు నేను మంచి మ్యూజిక్ సిస్టమ్, ముందు అదనపు లైట్లు పెట్టించాను. పెట్టినతను కంపెనీ వైరింగ్ కోసి, జాయింట్లకు టేపు చుట్టి వదిలేశాడు. అమ్మేటప్పుడు కొనేవాళ్ల మెకానిక్ బానెట్ ఎత్తి ఆ టేపు చూపించాడు. అంతవరకు నవ్వుతూ మాట్లాడిన పెద్దాయన ఒక్కసారిగా ముప్పై వేలు తగ్గించి అడిగాడు. సిస్టమ్‌కు ఎంతైందని ఎవరూ అడగలేదు. నీ బండిలో అలాంటి టేపు ముక్క ఒక్కటి కూడా లేదు. ఆ మాట గట్టిగా చెప్పు.

చట్టం కూడా నీ వైపే ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. గ్యాస్ కిట్ లాంటిది పెట్టించినా ఆర్‌సీలో ఎక్కించాల్సిందే. నీ బండి కొనేవాడికి ఆర్‌టీఏ దగ్గర ఆ తలనొప్పి ఉండదు.

ఇక పెయింట్ గురించి. వెనక బంపర్ మీద గీత, ఎడమ డోర్ మీద చిన్న సొట్ట ఉన్నాయని నాకు తెలుసు. ఉండనీ. తెలిసినవాడు కారు చూసే పద్ధతి వేరు. డోర్లు, బానెట్ బిగించిన బోల్టుల మీద రంగు చెదిరిందేమో చూస్తాడు. చెదిరితే ఎవరో విప్పినట్టే. అద్దాలన్నిటి మూలన ఉండే గుర్తులు పోల్చి చూస్తాడు, ఒకటి వేరుగా ఉంటే ఎందుకు మార్చారని అడుగుతాడు. రంగు మందం కొలిచే మీటరు ఇప్పుడు చాలామంది దగ్గర ఉంది. నువ్వు డోర్‌కు కొత్త పెయింట్ కొట్టించావనుకో, చిన్న సొట్ట కోసమే అని ఎంత చెప్పినా యాక్సిడెంట్ బండి అనే అనుకుంటాడు. ఎనిమిదేళ్ల బండికి గీతలు ఉండడం సహజం, వాటిని నువ్వే ముందు చూపించు. చూపించినవాడి మిగతా మాటలు కూడా నమ్ముతారు.

టైర్లు కూడా కొత్తవి వేయించకు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2318 అంటే 2018లో 23వ వారంలో తయారైందని. అది చూసి వాళ్లే లెక్క వేసుకుంటారు. టైర్లకు నువ్వు పెట్టింది పూర్తిగా తిరిగి రాదు.

చేయాల్సింది శుభ్రం చేయించడం. లోపల డ్రై క్లీనింగ్, బయట పాలిష్, అంతే. ఇంజన్‌ను మాత్రం నీళ్లతో కడిగించకు, ఆయిల్ లీకేజీ దాచారేమో అనుకుంటారు. సీటు కవర్లు తీసేసి అసలు సీట్లు కనపడనివ్వు. రెండో తాళంచెవి వెతుకు, అక్క బీరువాలో ఉండాలి. స్టెప్నీ, జాకీ, కంపెనీ ఇచ్చిన పుస్తకం, అన్నీ బండిలో పెట్టు. సర్వీస్ సెంటర్‌కు వెళ్లి మొదటి నుంచి ఇప్పటి దాకా సర్వీస్ చరిత్ర ప్రింట్ తీయించు. ప్రతిసారీ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అందులో ఉంటుంది కాబట్టి మీటరు తిప్పారన్న అనుమానం పోతుంది. సింగిల్ ఓనర్, షోరూమ్ ట్రాక్, అంటే సర్వీసులన్నీ షోరూమ్‌లోనే అని నోటితో ఎవరైనా చెబుతారు, నీ దగ్గర కాగితం ఉంటుంది.

లోన్ తీరి మూడేళ్లయినా ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉందని విన్నాను. అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 పెట్టి ముందు అది తీయించు. చలానాలు కట్టేసెయ్. పొల్యూషన్ సర్టిఫికెట్ తాజాగా ఉండాలి.

ఇప్పుడు ఆషాఢం, కొనేవాళ్లు తక్కువ. శ్రావణం రాగానే పెట్టు, దసరా లోపు ముగించు. డిసెంబరు దాకా లాగకు. అప్పుడు షోరూముల్లో కొత్త బండ్ల మీద ఆఫర్లు వస్తాయి, జనవరి దాటితే నీ బండి వయసు లెక్కలో ఇంకో ఏడాది పెరుగుతుంది. విజయవాడ నుంచి ఎవరైనా అడిగితే కాదనకు కానీ, బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి ఆర్‌టీఏ ఇచ్చే ఎన్‌ఓసీ, అక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్స్ లెక్కేసుకుని వాళ్లు తగ్గించి అడుగుతారు. హైదరాబాద్ బేరాలు ముందు చూడు.

రేటు కోసం ఒక్క చోటే అడగకు. షోరూమ్ ఎక్స్‌ఛేంజ్, ఆన్‌లైన్ కంపెనీ, రెండు కన్సల్టెన్సీలు, అన్నీ రాసుకో. వాళ్లు తమ లాభం చూసుకుని చెబుతారు. నేరుగా వాడుకునేవాడికి అమ్మితే ఆ లాభం మీ ఇద్దరికీ మిగులుతుంది. నువ్వు అనుకున్న దానికి పదిహేను, ఇరవై వేలు పైన చెప్పి మొదలుపెట్టు. మొదటి రోజే దిగకు. టెస్ట్ డ్రైవ్‌కు ఎవరు వచ్చినా పక్క సీట్లో నువ్వు కూర్చోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ట్రాన్స్‌ఫర్. నా కారు ఒకటి అమ్మాక, కొన్నతను పేరు మార్పించుకోలేదు. రెండేళ్ల పాటు అతని చలానాలు మా ఇంటికే వచ్చాయి. అది యాక్సిడెంట్ చేసి ఉంటే నా గతేమిటని రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి మధ్యవర్తి చేతిలో పెట్టొద్దు. పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30 పూర్తిగా నింపాకే సంతకం చెయ్యి, ఫోటోలు తీసి ఉంచుకో. అమ్మిన సంగతి 14 రోజుల్లో ఆర్‌టీఏకు తెలియజేయాలి. బండి అప్పగించిన తేదీ, టైము, మీటరు రీడింగ్ కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. డబ్బు మొత్తం అకౌంట్‌లో పడ్డాకే తాళాలు. ఫాస్టాగ్ అదే రోజు మూయించు. ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గింపుగా వచ్చే నో క్లెయిమ్ బోనస్ నీదే, బండితో పోదు. సర్టిఫికెట్ తీసుకుంటే కొత్త కారుకు పనికొస్తుంది.

ఎవరైనా చూడ్డానికి వస్తామంటే ఆదివారం పొద్దున రమ్మను, ఎండ వెలుగులో పెయింట్ బాగా కనపడుతుంది. ముందురోజు నాకు ఫోన్ చెయ్యి, నేను కూడా వస్తాను.

మీ మామయ్య