పాత టూ స్ట్రోక్ బోటు మోటారు లాగట్లేదా? హెడ్ విప్పే ముందు ఫ్యాను (ప్రొపెల్లర్) మీద ఒక గీత గీయండి

మీ 15 హార్స్‌పవర్ పాత టూ స్ట్రోక్ మోటారు మునుపు ఐదుగురితో లంకకు సులువుగా వెళ్లేదని, ఇప్పుడు ముగ్గురు ఎక్కితేనే ఈడుస్తోందని రాశారు. హెడ్ ఫేసింగ్ (సిలిండర్ పైమూతను చెక్కి కంప్రెషన్ పెంచడం) చేయించి, కార్బురేటర్‌లో పెద్ద జెట్ (పెట్రోలు వచ్చే రంధ్రమున్న ఇత్తడి ముక్క) వేయిస్తే పవర్ పెరుగుతుందా అని అడిగారు.

వద్దండి. ఆ మోటారు పుట్టినప్పుడు ఉన్న 15 హార్స్‌పవర్ ఎక్కడ కారిపోతోందో ముందు వెతకండి. నేను వెతక్కుండా డబ్బు తగలేశాను కాబట్టి చెబుతున్నాను.

గోదావరి వైనతేయ పాయలో లంక నుంచి కొబ్బరికాయలు ఒడ్డుకు చేర్చే ఫైబర్ బోటు మాది. మోటారు మీలాంటిదే, రెండు సిలిండర్లు. ఒక ఏడాది కాయలు నింపితే చాలు, ఇంజను గోల పెడుతుంది, బోటు మాత్రం కదలదు. ఒక మెకానిక్ కార్బురేటర్ పోయిందన్నాడు, కొత్తది వేయించాం. ఏ మార్పూ లేదు. అప్పుడు మా మావయ్య వచ్చి ఇంట్లో నెయిల్ పాలిష్ సీసా ఉంటే తెమ్మన్నారు. ఫ్యాను వెనక నట్టు దగ్గర, లోపలి ఇత్తడి గొట్టం మీద నుంచి బయటి అల్యూమినియం మీదకు తిన్నగా ఒకే గీత గీశారు. ఆరాక బోటు నిండా కాయలు వేసి, ఫుల్ థ్రాటిల్‌లో అవతలి ఒడ్డుకు వెళ్లి వచ్చాం. మోటారు ఎత్తి చూస్తే గీత రెండు ముక్కలైంది. లోపలి ముక్క ఒక చోట, బయటి ముక్క వేలెడు పక్కన.

ఆ రెంటి మధ్య రబ్బరు బుష్ ఉంటుంది. ఫ్యాను ఏ దుంగకో తగిలినప్పుడు గేర్లు పగలకుండా దెబ్బ కాచుకునేది అదే. ముసలిదైతే పట్టు వదిలేస్తుంది. ఖాళీ బోటుకు బాగానే ఉంటుంది, బరువు పడగానే జారుతుంది. బుష్ మార్పించాక మా బోటుకు ప్రాణం లేచొచ్చింది. మీరు చెప్పిన లక్షణం వింటే నా అనుమానం మొదట దాని మీదే. ఫ్యాను విప్పినప్పుడు రెక్కల అంచులు కూడా చూడండి. మన ఇసుక మేటల్లో రాసుకుని అంచులు అరిగిపోయినా, వంగినా ఫ్యాను నీటిని సరిగా నెట్టలేదు.

ఫ్యాను బాగుంటే ఎవరి దగ్గరైనా ఆర్‌పీఎం మీటరు అడిగి, మీరు రోజూ వేసే బరువుతోనే ఫుల్ థ్రాటిల్‌లో ఎంత తిరుగుతోందో చూడండి. మాదానికి 4500 నుంచి 5500 మధ్య తిరగాలి. మీది మోటారు పుస్తకంలో ఉంటుంది. అంతకంటే తక్కువ తిరుగుతుంటే ఫ్యాను పిచ్ (ఒక చుట్టుకు ముందుకు నెట్టే దూరం) మీ బరువుకు ఎక్కువై ఉండొచ్చు. ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. ఖాళీ బోటు టాప్ స్పీడు కాస్త తగ్గుతుంది కానీ మనం మోసేది బరువే కదండీ.

తర్వాత మోటారు ఎత్తు. ఫ్యానుకి పైన రెక్కలా ఉండే పలక బోటు అడుగుకు సమంగానో, ఒక అంగుళం కిందకో ఉండాలి. మా బోటు వెనక పలక పైఅంచు పుచ్చిపోతే ఎవరో కోసేశారు, మోటారు లోతుకు దిగి నీటిని దున్నుకుంటూ పోయేది. టేకు చెక్క వేసి రెండంగుళాలు లేపితే ఆ భారం పోయింది. బోటు అడుగున పట్టిన నాచు, గుల్లలు కూడా గీకించండి.

ఇవన్నీ చూశాకే ఇంజను దగ్గరకు రండి. రెండు ప్లగ్గులూ విప్పి పక్కపక్కన పెట్టండి. లేత బెల్లం రంగులో ఉంటే మంచిదే. ఒకటి నల్లగా తడిగా ఉంటే ఆ సిలిండర్ సరిగా మండట్లేదు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలక వేడెక్కుతోందని అనుమానించాలి. సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టించండి. అంకె ఎంతన్నదాని కంటే రెంటికీ తేడా ఎంతన్నది ముఖ్యం. మాది ఒకటి 120 పీఎస్‌ఐ, ఒకటి 95 చూపించింది. కార్బన్ పట్టి రింగులు ఇరుక్కున్నాయి. కార్బన్ తీయించాక దాదాపు సమానమయ్యాయి. తేడా 15 శాతం దాటి ఉంటే హెడ్ ఫేసింగ్ మాట అసలు ఎత్తకండి. అరిగిన ఇంజనులో కంప్రెషన్ పెంచితే నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి కొట్టుకోవడం) వచ్చి పిస్టన్‌కి చిల్లు పడొచ్చు.

పెట్రోలు విషయం కొంచెం జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులను, ఫ్యూయల్ పంపులోని పలచని పొర డయాఫ్రమ్‌ను అది పాడుచేస్తుంది. గాలిలో తేమనూ లాక్కుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగున చేరుతుంది. ఆ అడుగుది ఇంజనులోకి వెళ్తే దాంట్లో ఆయిల్ ఉండదు. నిలవ పెట్రోలు వాడకండి, నీటిని వేరుచేసే ఫిల్టరు పెట్టండి, పైపులు, డయాఫ్రమ్ కొత్తవి వేయండి. జెట్ల రంధ్రాలను ఇనప తీగతో పొడవకండి, ఇత్తడి కదా, రంధ్రం పెద్దదైపోతుంది. క్లీనర్ స్ప్రే, వల దారం చాలు.

ఆయిల్ తగ్గిస్తే పొగ తగ్గి స్పీడొస్తుందని రేవులో చెప్పేవాళ్లున్నారు. దయచేసి వినకండి. పెట్రోలుతో పాటు వెళ్లే ఆయిల్ తప్ప క్రాంక్ బేరింగులకు వేరే దిక్కు లేదు. మీ మోటారుకు 50:1 (50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్) అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, సీసా మీద టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్న ఆయిల్. స్కూటర్ ఆయిల్ వద్దు.

వరద రోజుల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు ఒండ్రు ఇంజనును చల్లబరిచే వాటర్ పంపు ఇంపెల్లర్‌ను (లోపల తిరిగే రబ్బరు చక్రాన్ని) అరగదీస్తుంది, నేను ఏడాదికొకటి మారుస్తాను. పక్కన చిమ్మే ధార సన్నబడితే వెంటనే ఆపండి. ఎండాకాలంలో ఉప్పునీరు పైకి ఎక్కుతుంది కాబట్టి, తిరిగొచ్చాక పది నిమిషాలు మంచినీళ్లలో నడపండి.

ముందు ఆ గీత గీసి, మీ బరువుతో ఒక ట్రిప్పు వేసి రండి. గీత ఎంత జరిగిందో, ప్లగ్గులు ఏ రంగులో ఉన్నాయో, కంప్రెషన్ రెండంకెలూ ఇక్కడ రాయండి. చూసి చెబుతాను.