రాత్రి గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటే గాలి సోకినట్టేనా?

మీ తమ్ముడు అనంతపురంలో రూం తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నాడు, తెల్లారుజామున మెలకువ వస్తే కాళ్లూ చేతులూ కదలవు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది, అరుద్దామంటే గొంతు పెగలదు, ఇంట్లో అంత్రం కట్టించమంటున్నారు అని రాశారు. వాడు చెప్పేది అబద్ధం కాదు. నాకూ జరిగింది.

మాది ధర్మవరం దగ్గర పల్లె. సేద్యానికి రాత్రి కరెంటు ఇచ్చే రోజుల్లో చేనికాడే పడుకునేవాణ్ణి. అర్ధరాత్రి దాటాక లేచి మోటరేసి, మడవ తిప్పి, మళ్లీ మంచం మీద వెల్లకిలా పడితే అప్పుడొచ్చేది. కళ్లు తెరిచే ఉంటాయి. స్టార్టరు డబ్బా మీద ఎర్ర లైటు కనబడుతుంది, మోటరు రొద వినబడుతుంది, కాలివేలు మాత్రం కదలదు. ఎవరో ఎక్కుతున్నట్టు కాళ్ల దిక్కు నులక కుంగుతుంది. మా జేజి బావిలో పడి చచ్చినామె గాలి అని తేల్చేసింది. పేరు కూడా చెప్పింది!

దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటారు. కలలో పరిగెత్తేవాడు నిజంగా లేచి పరిగెత్తకుండా, కలలొచ్చే నిద్రలో మెదడే కండరాలను కట్టి పడేస్తుంది. కళ్లూ, ఊపిరాడించే డయాఫ్రమూ మాత్రం పనిచేస్తుంటాయి. ఆ కట్టు విడకముందే మెలకువొస్తే కల ఇంకా కళ్ల ముందే ఉంటుంది, ఒళ్లు లేవదు. గట్టిగా ఊపిరి పీల్చుకుందామంటే ఛాతీ కండరాలు మాట వినవు. బరువనిపించేది అదే. భయపడ్డ మెదడు ఆ బరువుకు ఒక మనిషిని తగిలిస్తుంది. ఎవర్ని తగిలించాలో ఊరే నేర్పుతుంది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో అయితే ముసలి మంత్రగత్తె వచ్చి కూర్చుంటుంది. మా ఊళ్లో బావిలో పడినామె.

నిద్ర చాలకపోవడం, పడుకునే వేళలు రోజుకోరకంగా ఉండటం, దిగులు, వెల్లకిలా పడుకోవడం దీన్ని పెంచుతాయి. పరీక్షలకు చదివే పిల్లోడికి ఇవన్నీ ఉంటాయి కదా. రోజూ ఒకే వేళకు పడుకోమనండి, పక్కకు ఒత్తిగిలి పడుకోమనండి. వచ్చినప్పుడు పెనుగులాడకుండా ఒక్క వేలు కదిలించడం మీదే ధ్యాస పెట్టమనండి. ఎట్లైనా కాసేపట్లో దానంతటదే విడిపోతుంది. నాకు పగటి కరెంటు వచ్చాక మళ్లీ రాలేదు.

అంత్రం కట్టుకుంటే ధైర్యంగా ఉంటుందంటే కట్టుకోనీండి, వాదన దండగ. భూతవైద్యుడికి వేలు మాత్రం పోయొద్దు. పగలు కూడా ఆపుకోలేనంత నిద్ర ముంచుకొస్తున్నా, గట్టిగా నవ్వితే మోకాళ్లు సడలిపోతున్నా అది నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బు కావచ్చు. అప్పుడు నరాల డాక్టరుకు చూపించండి, కర్నూలు పెద్దాసుపత్రిలో ఆ విభాగం ఉంది.