పోస్టర్ల సంగతి తర్వాత, ముందు పళ్ళెం చూడండి

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. రెండేళ్ళుగా కొరియా పాటల పిచ్చి పట్టుకుంది. గది నిండా బీటీఎస్ అనే ఏడుగురి పాటల బృందం పోస్టర్లే. ఉన్న ఆల్బమే మళ్ళీ కొనమంటుంది. రాత్రి రెండింటిదాకా ఫోను. ఈమధ్య అన్నం కూడా మానేసింది. పొద్దున యాపిల్, మధ్యాహ్నం చిలగడదుంప, రాత్రి ప్రొటీన్ డ్రింకు, అంతే. వాళ్ళ నాన్న పోస్టర్లన్నీ చింపేస్తానంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు మీవారిని ఆపండి. పోస్టర్ల జోలికి వెళ్ళొద్దు. మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది ఆ యాపిల్, ఆ చిలగడదుంప. ఐయూ అనే కొరియా గాయని పేరుతో ఇంటర్నెట్‌లో ఏళ్ళుగా తిరుగుతున్న డైట్ అచ్చం ఇదే. ఎదిగే వయసు పిల్ల దాంతో రోజులు గడపడం ప్రమాదం. నెలసరి సరిగ్గా వస్తోందా? జుట్టు రాలుతోందా? లేవగానే కళ్ళు తిరుగుతున్నాయా? నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. ఈ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి బరువు, హిమోగ్లోబిన్ చూపించండి. లావయ్యావు, సన్నబడ్డావు అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, మెచ్చుకోలుగా కూడా. చుట్టాలకూ చెప్పండి. పెళ్ళిళ్ళలో ఆడపిల్ల కనబడగానే మనవాళ్ళ నోట మొదట వచ్చేది అదే.

ఈ విషయంలో బీటీఎస్ మీకు సాయపడుతుంది. 2018 సెప్టెంబరులో ఆ బృంద నాయకుడు ఆర్‌ఎం ఐక్యరాజ్యసమితిలో, యునిసెఫ్ కార్యక్రమంలో మాట్లాడాడు. తొమ్మిది పదేళ్ళ వయసులోనే నలుగురూ ఏమనుకుంటారోనని దిగులుపడటం, వాళ్ళ కళ్ళతో తనను చూసుకోవడం మొదలైందని చెప్పాడు. ఆ వీడియో పెట్టమని మీ అమ్మాయినే అడగండి. పక్కన కూర్చుని చూడండి. నీకూ ఎప్పుడైనా అలా అనిపించిందా అని అడిగి ఊరుకోండి. జవాబు ఆ రోజే రాకపోవచ్చు. నా దగ్గరికొచ్చే ఆడపిల్లలు కొందరు, ఇంట్లో చెప్పుకోలేని బాధ ఈ పాటల్లో దొరికిందంటారు. వాళ్ళ మాట నేను నమ్ముతాను.

ఉన్న ఆల్బమే మళ్ళీ ఎందుకంటారా? లోపల సభ్యుల ఫొటో కార్డు ఉంటుంది. ఎవరిది వచ్చిందో సీలు తీస్తేగానీ తెలియదు. ఏడుగురిలో తనకిష్టమైనవాడిది రాకపోతే ఇంకోటి కొనాలనిపిస్తుంది. పిల్లల ఇష్టాన్ని ఇలా డబ్బు చేసుకునే కంపెనీల మీద నాకు కోపమే. నెలకింత అని చేతికిచ్చి అందులోనే కొనుక్కోమనండి. కార్డులు స్నేహితులతో మార్చుకోవచ్చు. ముక్కూమొహం తెలియనివాళ్ళకు మాత్రం ఆన్‌లైన్లో డబ్బు పంపనివ్వకండి.

ఇక నిద్ర. కొరియా టైము మనకంటే మూడున్నర గంటలు ముందు. అభిమాన గాయకుడి పుట్టినరోజు అక్కడ అర్ధరాత్రి మొదలైతే మనకి రాత్రి ఎనిమిదిన్నరే. శుభాకాంక్షలు చెప్పి, పదింటికి ఫోను హాల్లో పెట్టేయొచ్చు. ఆ నియమం మీకూ, మీవారికీ కూడా ఉండాలి. లేకపోతే వినదు.

డాక్టరు ఏమన్నారో తప్పకుండా రాయండి.