హైబ్రిడ్ బండి గేర్‌బాక్స్ దింపాలంటే 12 వోల్టుల బ్యాటరీ పీకేస్తే చాలా?

మీరు అడిగింది ఇదీ: షెడ్డుకు హైబ్రిడ్ క్యామ్రీ వచ్చింది, గేర్‌బాక్స్‌లో శబ్దం, దింపాలి. చిన్న బ్యాటరీ టెర్మినల్ తీసేస్తే పెద్ద బ్యాటరీ కరెంటు దానంతటదే ఆగిపోతుందని మీ మేస్త్రీ అంటున్నారు. అది నమ్మి చెయ్యి పెట్టొచ్చా?

పెట్టొద్దు. మేస్త్రీ ఊరికే అనలేదు, ఆయన మాటలో సగం నిజముంది. పెద్ద బ్యాటరీ, అంటే బండిని నడిపే మోటార్ల బ్యాటరీ నుంచి కరెంటు బయటికి రావాలంటే రిలేలు, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌లు కలవాలి. ఆ రిలేలను పట్టి ఉంచేది 12 వోల్టుల కరెంటే. టెర్మినల్ తీస్తే అవి వదిలేస్తాయి. కానీ పాయింట్లు కాలి అతుక్కుపోయిన రిలే వదలదు, ఆ సంగతి బయటినుంచి చూస్తే తెలియదు. క్యామ్రీలో బ్యాటరీ దాదాపు 245 వోల్టులు, దాన్ని ఇన్వర్టర్, అంటే బ్యాటరీకీ మోటార్లకూ మధ్య ఉండే పెట్టె, 650 దాకా పెంచుతుంది. అది డీసీ. పట్టుకుంటే విడిపించుకోవడం కష్టం.

నేను ఆరేళ్లు షార్జాలో ఒక గ్యారేజీలో పనిచేసి, ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్నాను. దుబాయ్ ట్యాక్సీల్లో హైబ్రిడ్ క్యామ్రీలు చాలా ఉంటాయి కాబట్టి అక్కడ వీటిమీదే చెయ్యి తిరిగింది. అయితే ఈ పనిలో నాకు అసలు గురువు మా బాబాయి. ఆయన కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా రిటైరయ్యాడు. సబ్‌స్టేషన్ వాళ్లు ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపాం పని చేసుకోండనే అనుమతి) ఇచ్చామని ఫోన్లో చెప్పినా, తీగలో మిగిలిన కరెంటును నేలలోకి దించే డిశ్చార్జ్ రాడ్ తగిలించందే తీగ ముట్టుకునేవాడు కాదు.

బండిలో ఎల్సీ అంటే సర్వీస్ ప్లగ్, పీకితే పెద్ద బ్యాటరీ సర్క్యూట్ తెగిపోతుంది. క్యామ్రీలో డిక్కీ వైపు ఉంటుంది, ఆరెంజ్ రంగు. పవర్ ఆఫ్ చేసి, 12 వోల్టుల నెగటివ్ తీసి, గ్లౌజులు తొడుక్కుని ఆ ప్లగ్ పీకాలి. పీకినవాడు దాన్ని బెంచీ మీదో సీటు మీదో పెట్టకూడదు, తన జేబులోనే ఉంచుకోవాలి. టీ తాగడానికి వెళ్లినా సరే. ఇంకెవడో వచ్చి ‘ఇదేంటి ఇక్కడ పడుంది’ అని తిరిగి పెట్టేస్తే కింద పడుకున్న మీ గతేమిటి? ప్లగ్ తీసి ఉండగా పవర్ బటన్ కూడా నొక్కకూడదు.

ప్లగ్ తీయగానే పానా పట్టుకోకండి. ఇన్వర్టర్‌లోని కెపాసిటర్లలో చార్జి మిగిలే ఉంటుంది. అది దిగడానికి పది నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత గ్లౌజులతోనే ఇన్వర్టర్ టెర్మినల్ మూత తీసి మీటరుతో కొలవాలి. ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య, తర్వాత ఒక్కోదానికీ బండి బాడీకీ మధ్య. మీటరు క్యాట్ త్రీ (మీటరు మీద రాసి ఉండే భద్రత తరగతి), 1000 వోల్టుల రేటింగ్‌ది అయ్యుండాలి. ముందు దాన్ని ఒక 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టి పనిచేస్తోందని చూడండి, ఇన్వర్టర్ దగ్గర సున్నా వచ్చాక మళ్లీ అదే బ్యాటరీ మీద చూడండి. లీడు తెగిన మీటరు కూడా సున్నానే చూపిస్తుంది మరి. బాబాయిలా రాడ్ పెట్టి షార్ట్ మాత్రం చేయొద్దు.

చాలామంది ఇళ్లలో వాడే స్క్రూడ్రైవర్ టెస్టర్ తెచ్చి గుచ్చి, లైటు వెలగలేదు కాబట్టి కరెంటు లేదంటారు. ఈ బండ్లలో పెద్ద బ్యాటరీకీ బాడీకీ సంబంధం ఉండదు, రెండూ విడిగా ఉంటాయి. కరెంటు నిండుగా ఉన్నా ఆ టెస్టర్ మీకు చెప్పదు.

గ్లౌజులంటే ఎరువుల కొట్లో దొరికే రబ్బరు తొడుగులు కావు. క్లాస్ 0, 1000 వోల్టులు అని ముద్ర ఉన్నవి, పైన తోలు గ్లౌజులు. వాడే ప్రతిసారీ మణికట్టు దగ్గర్నుంచి చుట్టుకుంటూ వేళ్లలోకి గాలి నెట్టి, చెంప దగ్గర పెట్టుకుంటే ఎక్కడ లీకైనా చల్లగా తగులుతుంది. మే నెలలో బెజవాడలో వాటితో పని నరకమే. లోపల పల్చటి కాటన్ గ్లౌజు వేసుకుంటే చెమటకు జారదు. వాచీ, ఉంగరం, కడియం, మెడలో గొలుసు తీసేయాలి. మా కుర్రాడు వెండి మొలతాడు తీయనని మొండికేశాడు, వాడికి ఆ రోజు టైర్ల పని ఇచ్చాను.

పని చేసేటప్పుడు బండి తాళం ఎక్కడ ఉంచాలన్న సంగతి నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. షార్జాలో ఒకసారి క్యామ్రీ ఇంజిన్ ఆయిల్ దింపుతున్నాను, స్మార్ట్ కీ నా జేబులోనే ఉంది. కస్టమర్ ఎండకు తట్టుకోలేక బండిలో కూర్చుని, ఏసీ కోసం బ్రేక్ తొక్కి బటన్ నొక్కాడు. చప్పుడు లేదు కదా, నాకు తెలియలేదు. కాసేపటికి ఆయిల్ లేని ఇంజిన్ దానంతటదే స్టార్ట్ అయింది. నేను పాకుతూ బయటికొచ్చి ఆఫ్ చేయించేసరికి గుండె దడదడ. అప్పటి నుంచి తాళం దూరంగా ఆఫీసు డ్రాయర్‌లో పెడతాను.

ఇక గేర్‌బాక్స్ విషయానికొద్దాం. అది గేర్‌బాక్స్ అని పేరేగానీ, లోపల రెండు మోటార్లు, ప్లానెటరీ గేర్లు ఉంటాయి. ప్లగ్ మీ జేబులో ఉన్నా ఆ మోటార్లు కరెంటు పుట్టించగలవు, చక్రం తిరిగితే చాలు. చేత్తో తిప్పితే పుట్టేది తక్కువే. ముందు చక్రాలు నేలమీద ఉండగా క్రేన్‌తో ఈడ్చుకొస్తే మాత్రం కథ వేరు. బండి షెడ్డుకు ఎలా వచ్చిందో అడగండి. ముందు చక్రాలు పైకెత్తో, ఫ్లాట్‌బెడ్ మీదో రావాలి.

కేబుళ్లు విప్పగానే ఒక్కో మొనకూ ఇన్సులేషన్ టేపు చుట్టండి. ఇన్వర్టర్ కూలెంట్ వాటిమీద పడనీయకండి. దించేటప్పుడు బరువు వంద కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది, ట్రాన్స్‌మిషన్ జాకీ లేకుండా ఇద్దరు కుర్రాళ్ల భుజాల మీద దించే సాహసం వద్దు. మోటారు వైపు విప్పడం నేనైతే చేయను. రోటర్‌లోని అయస్కాంతం పానాను చేతిలోంచి లాక్కుంటుంది, మధ్యలో వేలుంటే నలుగుతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లను ఆ చుట్టుపక్కలకు రానీయకండి.

ఆయిల్ కూడా భద్రత లెక్కలోకే వస్తుంది. మోటారు వైండింగ్‌లు ఆ ఆయిల్‌లోనే తడుస్తూ ఉంటాయి. ఆ మోడల్ మాన్యువల్‌లో రాసిందే పోయాలి. మిగిలిపోయిన డబ్బాల్లోంచి ఏదో ఒకటి పోస్తే, నీళ్లు కలిసిన ఆయిల్ పోస్తే, ఇన్సులేషన్ పడిపోయి పీ0ఏఏ6 అనే ఫాల్ట్ కోడ్ స్కానర్‌లో వస్తుంది. అంటే కరెంటు బాడీలోకి లీకవుతోందని అర్థం. ఆ కోడ్‌తో వచ్చిన బండిని ముట్టుకునేటప్పుడు ఇంకాస్త భయం ఉంచుకోండి.

బిగించాక ఇన్వర్టర్ కూలెంట్‌లో గాలి తీయడం మర్చిపోవద్దు. చివరగా ప్లగ్. మొదట్లో ఒక ప్రియస్‌కు (అదీ టయోటా హైబ్రిడ్డే) అన్నీ బిగించి బటన్ నొక్కితే, బండి నడవడానికి సిద్ధమని చెప్పే రెడీ లైటు రాలేదు. కనెక్టర్లన్నీ మళ్లీ విప్పాను, రాత్రి పదకొండయింది. చూస్తే ప్లగ్ లోపలికి వెళ్లింది, హ్యాండిల్ పైకి తిరిగింది, ఆఖరున కిందికి జరిపి లాక్ చేయడం ఒక్కటే మర్చిపోయాను. బొటనవేలితో నొక్కితే టక్కుమంది, రెడీ లైటు వెలిగింది.